జట్టు కూర్పు – జనవాక్యము

ఆటగాండ్రు పదునొకండుగురు, ఆట చెప్పువారు పదివేలమంది. ఏ దేశమందైనను, ఏ క్రీడయందైనను ఈ లెక్క మారదు. విశాఖపట్టణమునకు ఉత్తరముగా జాతీయ రహదారిపై నున్న ఆనందపురములో ఈ సత్యమునకు నిదర్శనము వెదకనక్కరలేదు. పూలబజారులో బంతి, చామంతి మూటలు దించిన రైతులు, బస్సుకై నిలిచిన ఉపాధ్యాయులు, కళాశాలకు పోవు విద్యార్థులు, తేనీటి కొట్టు యజమాని, అందరును ఒక్కచో చేరి మాటలాడుకొను విషయము ముందునాటి క్రికెట్ ఆటయే. అంతర్జాతీయ పోటీలు జరుగు పోతినమల్లయ్యపాలెపు మైదానము అక్కడికి కొలది మైళ్ల దూరముననే యున్నది. అందుచే ఆ వాదములకు వేడి మరికొంత అధికము. వికెట్ కీపరుగా ఎవరిని ఎన్నుకొనవలసినది? మూడవ స్థానమున ఎవరిని పంపవలసినది? ఆరవ బౌలరు ఏల లేడు? శిక్షకునకు ఆమాత్రము తెలియదా? ఈ ప్రశ్నలకు అక్కడ ప్రతివానియొద్దను సమాధానము సిద్ధముగా నుండును.

ఈ సంభాషణలను గూర్చి పెద్దలలో రెండభిప్రాయములు కలవు. ఇది కాలహరణము, గట్టున కూర్చొని ఈత చెప్పువారి ముచ్చట అని కొందరు తీసిపారవేయుదురు. బడిపిల్లలు ఇట్టి మాటలలో పడి చదువు చెడగొట్టుకొనుచున్నారని ఉపాధ్యాయులలో పలువురి బాధ. మరికొందరు దీనికి పూర్తిగా ఎదురు. ఆట జనులది, జనులు చెప్పినదే తీర్పు, ఎంపిక సంఘము వారు ఆ తీర్పును శిరసావహింపవలెను అని వీరు వాదింతురు. ఈ రెండును అతివాదములే. క్రీడాభిమానుల వాదము వ్యర్థమును కాదు, తీర్పును కాదు. అది యొక శిక్షణ. ఒకరు చేసిన నిర్ణయమును మరొకరు ఎట్లు విచారింపవలెనో నేర్పు పాఠశాల. పాఠశాలకు నియమములుండును. ఆ నియమములు లేనిచో, పాఠశాల రచ్చబండ యగును, రచ్చబండ తిట్లబండ యగును.

ఈ వాదప్రియత తెలుగువారికే ప్రత్యేకము కాదు. కెనడా దేశమున నొక తీరు ఫుట్‌బాల్ ఆడుదురు. పక్షమునకు పండ్రెండుగురు ఆటగాండ్రు. మూడు యత్నములలో బంతిని పది గజములు ముందునకు కొనిపోవలెను. బంతి నందుకొని, ఎవరికి విసరవలెనో, ఎవరి చేతికీయవలెనో రెప్పపాటులో నిర్ణయించు ఆటగానిని క్వార్టర్‌బాక్ అందురు. అతడు తడబడినచో పక్షమంతయు తడబడును. కనుక ఆ స్థానమున ఎవరుండవలెను, శిక్షకుడు అతనిని ఎప్పుడు మార్చవలెను అనునది అక్కడి అభిమానులకు తరుగని చర్చ. క్రికెట్టులో అట్టి భారము కొంత నాయకునిపైనను, కొంత వికెట్ కీపరుపైనను ఉన్నది. బ్యాటు వెనుక నిలిచి ప్రతి బంతిని దగ్గరగా చూచువాడు కీపరు. అంపైరు తీర్పును పునఃపరిశీలింపుడని కోరుటకు నాయకునకు లభించు వ్యవధి పదునైదు క్షణములు. ఆ వ్యవధిలో అతడు ముందుగా చూచునది కీపరు ముఖమునే. కావుననే ఆ స్థానపు ఎంపికపై అంతటి వాదము.

అసలు జనులకు ప్రశ్నించు అలవాటు లేని కాలము ఎట్లుండెనో ముందుగా తెలిసికొనుట మంచిది. అందుకు దూరము పోనక్కరలేదు. 1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడుటకు ఇంగ్లండునకు పోయినప్పుడు నాయకత్వమును పోరుబందరు మహారాజున కిచ్చిరి. ఆయన తన క్రీడాశక్తి ఎంతటిదో ఎరిగినవాడు. జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున టెస్టు ఆరంభమైనప్పుడు ఆయన తప్పుకొనెను. నాగపురమున పుట్టిన తెలుగు కుటుంబీకుడు సి. కె. నాయుడు జట్టును నడిపెను. భారత జట్టు 158 పరుగుల తేడాతో ఓడినది. అయినను మొదటి ఇన్నింగ్సులో ఆ పక్షమున అందరికంటె ఎక్కువగా 40 పరుగులు చేసినవాడు ఆ నాయకుడే.

నాలుగేండ్లు గడచిన పిమ్మట, 1936లో, మరల ఇంగ్లండు యాత్ర. నాయుడు జట్టులో నుండగనే నాయకత్వము విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతిరాజునకు దక్కెను. క్రికెట్ లోకము ఆయనను విజ్జీ యని పిలిచెడిది. ఆయన ఆటకు చేసిన సేవ తక్కువది కాదు. సొంత వ్యయముతో జట్లను పోషించినాడు, ఇంగ్లండు నుండి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి మహాక్రీడాకారులను రప్పించి ఆడించినాడు. కాని పోషకుడు వేరు, నాయకుడు వేరు. ఆ యాత్రలో మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు మొత్తము 33. ఆ శ్రేణిలో భారతము రెండు టెస్టులు ఓడి, ఒకటి సమము చేసికొన్నది. మొదటి టెస్టునకు ముందే, జట్టులో మిక్కిలి రాణించుచున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ లేదను నెపముతో స్వదేశమునకు పంపివేసిరి. నాయకుని ఎంపికకు కొలత ఆట కాదు, హోదా. ఆ ఎంపికకు కారణము చెప్పవలసిన అవసరము ఎవరికిని కలుగలేదు. అడుగవలసిన హక్కు తమకున్నదని సామాన్యునకు తోచలేదు. నేడు ఆనందపురపు కూడలిలో ఒక పదవ తరగతి బాలుడు జాతీయ శిక్షకుని నిర్ణయమును తప్పుపట్టుచున్నాడనిన, అది దేశము సాధించిన యొక లాభమే. ఆ లాభమును సక్రమముగా వాడుకొనుచున్నారా యనునదే ప్రశ్న.

సక్రమముగా వాడుకొనుటకు మొదటి నియమము ఇది: నిర్ణయమును, అది జరిగిన నాటికి తెలిసియున్న విషయములతో తూచవలెను, తరువాత వచ్చిన ఫలితముతో కాదు. చెప్పుటకు ఇది తేలిక. పాటించుట మిక్కిలి కష్టము.

విశాఖ మైదానమున 2005 ఏప్రిల్ 5వ తేదీన జరిగిన ఆట ఇందుకు చక్కని ఉదాహరణము. అచట జరిగిన తొలి అంతర్జాతీయ పోటీ అదియే. ప్రత్యర్థి పాకిస్థాన్. నాయకుడు సౌరవ్ గంగూలీ మూడవ స్థానమున మహేంద్రసింగ్ ధోనీని పంపెను. అప్పటికి ధోనీ ఆడిన ఒకదిన పోటీలు నాలుగే. వానిలో చేసిన పరుగులు 0, 12, 7, 3. ఆనాడు అతడు 123 బంతులలో 148 పరుగులు చేసెను. భారత జట్టు 356 పరుగులు సాధించి 58 పరుగుల తేడాతో గెలిచెను. ఆ నిర్ణయమును మెచ్చుకొననివారు నేడు లేరు. ఒక్క ప్రశ్న వేసికొని చూడవలెను: ధోనీ మొదటి బంతికే ఔటైనచో? నాలుగాటలలో ఇరువదిరెండు పరుగులు చేసినవానిని మూడవ స్థానమున పంపుట అవివేకమని ఈ మెచ్చుకొన్నవారే అనియుండరా?

నిజమునకు ఆ రెండు సందర్భములలోను నిర్ణయపు విలువ ఒక్కటియే. గంగూలీ యెదుట ఆనాడు కొన్ని కారణములుండెను. అంతకు ముందటి ఏడు కెన్యా దేశమున భారత 'ఏ' జట్టు పక్షమున ధోనీ పాకిస్థాన్ 'ఏ' జట్టుపై శతకములు చేసియుండెను. చివరి స్థానములలో దిగినవానికి ఇన్నింగ్సు నిర్మించుకొను వ్యవధి దొరకదు. అతని శక్తి తెలియవలెనన్న కాలము ఇచ్చి చూడవలెను. శ్రేణిలో తొలి పోటీని భారతము గెలిచియుండుటచే ప్రయోగమునకు చోటు కలదు. ఈ కారణములు బలమైనవియా, బలహీనమైనవియా అని చర్చించుటయే విమర్శ. నూటనలువదియెనిమిది పరుగులు ఆ చర్చకు బహుమానమే కాని, ఋజువు కాదు.

దీనికి తిరగబడ్డ కథ అదే మైదానమున ఇరువదియేండ్ల పిమ్మట జరిగినది. 2025 అక్టోబరులో మహిళల ప్రపంచ కప్ పోటీలలో భారత జట్టు విశాఖలో రెండాటలు ఆడెను. 9వ తేదీన దక్షిణాఫ్రికాపై రిచా ఘోష్ 94 పరుగులు చేసి జట్టును 251 వరకు చేర్చినది. ప్రత్యర్థి పక్షము 81 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకొనియు, నదీన్ డి క్లర్క్ 54 బంతులలో చేసిన 84 పరుగులతో గెలిచిపోయినది. 12వ తేదీన ఆస్ట్రేలియాపై భారతము 330 పరుగులు చేసెను. కడప జిల్లా బిడ్డ శ్రీచరణి మూడు వికెట్లు తీసెను. అయినను అలిస్సా హీలీ 142 పరుగులతో ఆస్ట్రేలియా గెలిచినది. అప్పటికి మహిళల ఒకదిన క్రికెట్టులో అంతటి లక్ష్యమును ఛేదించిన జట్టు లేదు.

రెండు ఓటములు చూచిన జనులు ఒక్క కంఠముతో కారణము చెప్పిరి: ఆరవ బౌలరు లేదు. నాయకురాలు హర్మన్‌ప్రీత్ కౌర్‌కు, శిక్షకుడు అమోల్ మజుందార్‌కు ఆమాత్రము తెలియకపోయెనా యనిరి. తెలియక కాదు. బ్యాటింగును బలపరచుటకు వారు బౌలింగులో కొంత వదలుకొనిరి. రెండవ ఆటలో భారత జట్టు ఏబది ఓవర్లు పూర్తి కాకముందే ఆలౌటయ్యెను. ఆ మిగిలిన బంతుల మాట ఆరవ బౌలరును కోరినవారిలో ఎందరు తలచిరి?

అక్టోబరు 19వ తేదీన ఇందూరులో ఇంగ్లండుతో ఆడునప్పుడు జట్టువారు ఆరవ బౌలరును చేర్చుకొనిరి. రేణుకా సింగ్ వచ్చెను. అందుకై జెమీమా రోడ్రిగ్స్‌ను పక్కన బెట్టిరి. 289 లక్ష్యము; భారతము 284 చేసి నాలుగు పరుగుల తేడాతో ఓడెను. మరునాటినుండి కొత్త ప్రశ్న: జెమీమాను ఏల తీసివేసిరి? ఆరవ బౌలరు కావలెననినవారే ఈ ప్రశ్నయు వేసినచో దానికి సమాధానము లేదు. జట్టులో పదునొకండు స్థానములే కలవు. ఒకరు రావలెనన్న ఒకరు పోవలెను. రావలసినవారి పేరు చెప్పి, పోవలసినవారి పేరు చెప్పనివాడు విమర్శకుడు కాడు. కోరికలు కోరువాడు మాత్రమే.

తరువాతి కథ లోకవిదితము. జెమీమా మరల జట్టులోనికి వచ్చెను. అక్టోబరు 30వ తేదీన నవీ ముంబయిలో ఆస్ట్రేలియాపై సెమీఫైనలులో మూడవ స్థానమున దిగి 127 పరుగులతో అజేయముగా నిలిచినది. విశాఖలో ఆస్ట్రేలియా నెలకొల్పిన రికార్డును భారతము ఆ ఆటలోనే బద్దలుకొట్టినది. తాను మూడవ స్థానమున దిగవలెనని ఆమెకు తెలిసినది ఆటకు అయిదు నిమిషముల ముందేనట. గాయపడిన ప్రతికా రావల్ స్థానమున పిలువబడిన షఫాలీ వర్మ, నవంబరు 2వ తేదీ ఫైనలులో 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసినది. మొదట ప్రకటించిన జట్టులో ఆమె పేరే లేదు. భారతము ప్రపంచ విజేత యయ్యెను. అక్టోబరులో అవివేకులైనవారు నవంబరులో మహామేధావులైరి. మనుష్యులు వారే, మారినది ఫలితము.

రెండవ నియమము: వాదించు ఇరుపక్షములును ఒకే కొలతను పట్టుకొనవలెను. సగము వాదములు కొలతలు వేరగుటచేతనే తెగవు. విశాఖ అభిమానులకు హృదయమునకు దగ్గరయైన కోన శ్రీకర్ భరత్ వ్యవహారము ఇందుకు తార్కాణము.

భరత్ విశాఖపట్టణపు బిడ్డ. 2015లో గోవా జట్టుపై ఆంధ్ర పక్షమున 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో త్రిశతకము సాధించిన తొలి వికెట్ కీపరుగా పేరొందెను. 2021 నవంబరులో కాన్పూరు టెస్టున వృద్ధిమాన్ సాహాకు మెడ పట్టివేయగా, బదులుగా కీపింగు చేసి నిపుణుల మెప్పు పొందెను. 2022 డిసెంబరు చివర రిషభ్ పంత్ మోటారు ప్రమాదమున తీవ్రముగా గాయపడుటచే భారత జట్టున కీపరు స్థానము ఖాళీయయ్యెను. 2023 ఫిబ్రవరి 9వ తేదీన నాగపురమున భరత్ టెస్టు ప్రవేశము చేసెను. ఆ ఏడు జూన్‌లో లండను నగరపు ఓవల్ మైదానమున ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనలులోను ఆడెను. 2024 ఫిబ్రవరి 2వ తేదీన తాను పెరిగిన ఊరి మైదానముననే ఇంగ్లండుతో టెస్టు ఆడు భాగ్యము కలిగెను. అందులో అతడు చేసినవి 17, 6 పరుగులు. భారతము 106 పరుగులతో గెలిచెను. కాని తరువాతి రాజ్‌కోట్ టెస్టునకు అతని స్థానమున ధ్రువ్ జురెల్ వచ్చెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత, పాపము, ఇక్కడ కొంత క్రూరముగా వినిపించును.

ఆ దినములలో విశాఖ ప్రాంతమున రెండు పక్షములు వాదించినవి. కీపరు పని మొదట కీపింగు, బంతి తిరుగు పిచ్‌లపై స్టంపుల దగ్గర నిలిచి పట్టుటలో భరత్ దిట్ట యని ఒక పక్షము. పండ్రెండు ఇన్నింగ్సులలో ఒక్క అర్ధశతకమైన లేదు, నేటి కీపరు పరుగులును చేయవలెను గదా యని రెండవ పక్షము. వీరు ఒకరినొకరు ఖండించుకొనుట లేదు. వేర్వేరు ప్రశ్నలకు సమాధానము చెప్పుచున్నారు. తేల్చవలసినది, ఏ కీపరు మేలు అని కాదు. ఈ పిచ్‌పై, ఈ జట్టుకు, కీపరు చేతులకు ఎంత విలువ, అతని బ్యాటుకు ఎంత విలువ అని. అది తేలిన పిమ్మటనే పేర్లు.

ఈ కొలత సైతము కాలమును బట్టి మారును. ఇదే విశాఖలో 2019 అక్టోబరు 2న దక్షిణాఫ్రికాతో మొదలైన టెస్టున, ఇంగ్లండులోను, ఆస్ట్రేలియాలోను శతకములు చేసియున్న పంత్‌ను కాదని, చేతినేర్పు అధికముగా గల సాహాను తీసికొనిరి. ఆనాడు చేతులు గెలిచినవి. 2024లో బ్యాటు గెలిచినది. రెండు నిర్ణయములకును కారణములు కలవు. మొదటిదానిని సమర్థించినవాడు రెండవదానిని ఖండింపవచ్చును. కాని తన కొలత మారలేదని చూపవలెను.

జురెల్ రాజ్‌కోట్‌లో 46 పరుగులు చేసెను. రాంచీ టెస్టున 90 పరుగులతోను, అజేయముగా 39 పరుగులతోను భారత జట్టును గట్టెక్కించెను. రెండవ పక్షమువారు జయఘోష చేసిరి. రాంచీ ఫలితము జురెల్ శక్తిని ఋజువు చేసినది. అందు సందేహము లేదు. భరత్ చేతినేర్పును గూర్చి మొదటి పక్షమువారు చెప్పినదానిని అది ఖండింపలేదు. వాదమున గెలిచినవారు తాము గెలిచినదెంతయో, అంతమాత్రమే గెలిచితిమని ఒప్పుకొనవలెను.

అంకెలను చదువునప్పుడును జాగ్రత్త అవసరము. భరత్ ఏడు టెస్టులలో, 12 ఇన్నింగ్సులలో 221 పరుగులు చేసెను. ఒకసారి ఔటు కాలేదు; కనుక 11చే భాగింపగా సగటు 20.09. ఈ అంకెను వేదవాక్యముగా ఉదహరింతురు. వీనిలో ఏదేని యొక ఇన్నింగ్సున అతడు ఇంకొక నూరు పరుగులు చేసియున్నచో సగటు 29 దాటెడిది. ఒక్క పూట ఆటతో మూడవ వంతుకు మించి మారిపోవు అంకెపై ఒక మనిషి జీవితమునంతను నిలబెట్టరాదు. అట్లని అంకె అబద్ధము కాదు. ఎంపిక సంఘము ముందున్నది ఆ పండ్రెండు ఇన్నింగ్సులే. అల్పసంఖ్యపై నిర్ణయము చేయక తప్పదు, ఆ నిర్ణయము తప్పు కావచ్చును. ఈ రెండును ఒక్కసారి గుర్తుంచుకొనుటయే గణితము నేర్పు వినయము.

మూడవ నియమము: పేరు దాచి చూడవలెను. భరత్ పక్షమున వినిపించిన వాదములలో మిక్కిలి బలహీనమైనది, అతడు మనవాడు అనునది. జురెల్ ఆగ్రావాడు. ఆ అంకెలే తారుమారై, విశాఖవాడు బయట వేచియుండగా, ఆగ్రావాడు పండ్రెండు ఇన్నింగ్సులు అర్ధశతకము లేక ఆడినచో, ఆనందపురపు కూడలి ఏమనియుండెడిది? ఈ ప్రశ్న అడిగికొన్నవాడు సగము వాదమును తానే విడిచివేయును. పరీక్ష పత్రములపై విద్యార్థి పేరు కనిపింపకుండ సంఖ్య వేయు పద్ధతి ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. దిద్దువాడు చెడ్డవాడని కాదు ఆ ఏర్పాటు. మంచివానికిని మమకార ముండునని. ఊరి బిడ్డపై ప్రేమ తప్పు కాదు. అతడు ఆడునప్పుడు గుండె కొట్టుకొనుట సహజము. కాని ప్రేమను ప్రేమగానే చెప్పుకొనవలెను. దానికి న్యాయమను పేరు పెట్టరాదు. విజయనగరపు రాజకుమారునకు నాయకత్వ మిచ్చినవారును ఏదో యొక బంధమునకు న్యాయమను పేరు పెట్టినవారే.

నాలుగవ నియమము అన్నిటికంటె ముఖ్యమైనది: నిర్ణయమును విమర్శింపవలెను, మనిషిని అవమానింపరాదు. 2021 అక్టోబరు 24వ తేదీన దుబాయిలో పాకిస్థాన్ చేతిలో భారతము ఓడినప్పుడు, కొందరు బౌలరు మహమ్మద్ షమీని అతని మతమును బట్టి దూషించిరి. నాటి నాయకుడు విరాట్ కోహ్లీ బహిరంగముగా దానిని ఖండించి, తోటి ఆటగానికి అండగా నిలిచెను. ఆ దూషణ హఠాత్తుగా పుట్టినది కాదు. ఫలితమును చూచి నిర్ణయమును తూచుట, కొలత లేక వాదించుట, మనవాడు–పరవాడు అని విభజించుట, ఈ మూడు మెట్లును ఎక్కినవాడు నాలుగవ మెట్టుపై కాలుమోపుట యెంతసేపు? బంతి జారవిడిచినవానిని ద్రోహి యనుట నేర్చిన బాలుడు, రేపు తనతో ఏకీభవింపని పొరుగువానిని ఏమనును? ఇక్కడ పణముగా పెట్టినది ఒక ఆట కాదు. ఒక తరము వారి తీర్పు చెప్పు శక్తి.

దీనిపై ఒక ఆక్షేపణ రావచ్చును. ఎంపిక సంఘమునకు తెలిసినవి బయటివారికి తెలియవు. ఎవని వేలు వాచినది, ఎవడు అభ్యాసమున ఎట్లాడుచున్నాడు, రేపు పిచ్ ఎట్లు తిరుగును, ఇవి తెలియని జనులు మౌనముగా నుండుటయే మేలు గదా? ఈ మాటలో సగము సత్యము కలదు. తనకు తెలియనిది కలదని ఎరుగుట విమర్శకునకు మొదటి లక్షణము. కాని తెలిసినవారందరిని నమ్మి మౌనము వహించినచో 1936 మరల రావచ్చును. ఆనాటి పెద్దలును తమకు అన్నియు తెలియుననిరి. తెలిసినవారు కారణము చెప్పవలెను; తెలియనివారు కారణము అడుగవలెను. నాయకులు, శిక్షకులు నేడు పత్రికలవారి యెదుట కూర్చొని సమాధానములు చెప్పుచున్నారన్న, అది అడుగువారుండుటచేతనే. అడుగువాని ప్రశ్న ఎంత పదునుగా నుండునో, చెప్పువాని సమాధానము అంత నిజాయితీగా నుండును. తిట్లకు ఎవరును సమాధానము చెప్పరు, చెప్పనక్కరయు లేదు.

ఉపాధ్యాయులు ఇచట చేయదగిన పని యొకటి కలదు. పిల్లలు ఎటులైనను ఆటను గూర్చి మాటలాడుదురు. వలదనిన చాటున మాటలాడుదురు. ఒక ముఖ్యమైన ఆటకు ముందునాడు తరగతిలో పది నిమిషములు కేటాయించి, ప్రతివానిచేతను తన జట్టును వ్రాయించి చూడవచ్చును. పదునొకండు పేర్లు, చేర్చుకొన్న ఒకనికి ఒక కారణము, విడిచిపెట్టిన ఒకనికి ఒక కారణము. విడిచిపెట్టినవాని కారణము తప్పనిసరి. ఆట ముగిసిన మరునాడు ఆ కాగితములను తీసి, ఎవరి జట్టు గెలిచెడిదో కాదు, ఎవరి కారణములు నేటికిని నిలిచినవో చదివింపవలెను. గెలుపు వచ్చియు కారణము చెడినవి కొన్ని యుండును. ఓటమి వచ్చియు కారణము చెడనివి కొన్ని యుండును. ఈ రెంటిని వేరుచేసి చూపగలిగినచో, తర్కశాస్త్రపు పాఠము, సగటుల గణితము, తెలుగు వ్యాసరచన మూడును ఒక్క గంటలో పూర్తియైనట్లే. వారికి వ్రాత మూలముగా మరియొక మేలు కలుగును. నిన్న తామేమనుకొన్నారో నేడు మార్చి చెప్పుటకు వీలుండదు. జ్ఞాపకము మిక్కిలి మొగమాటము గల సాక్షి. ఫలితము ఎటు పోయిన అటు పోవును. కాగితము అట్లు కాదు.

ఇట్లు శిక్షణ పొందిన విద్యార్థి పెద్దవాడై పంచాయతీ సభలో కూర్చొన్నప్పుడు, ఊరి చెరువునకు గండిపడినదని అధ్యక్షుని తిట్టుటకు ముందు, గట్టు వేసిననాడు తెలిసిన సంగతులేవి యని అడుగును. వోటు వేయునప్పుడు, అభ్యర్థి మనవాడా యని కాక, పేరు దాచి చూచినచో ఇతని పని యెట్టిది యని విచారించును. ఉద్యోగమున తోటివాడు పొరపడినప్పుడు, పనిని దిద్దును గాని మనిషిని కించపరచడు. ఇవన్నియు క్రికెట్టువలననే వచ్చునని కాదు. కాని పదునాలుగేండ్ల బాలుడు తన ఇష్టముతో, ఎవరును బలవంతపెట్టకయే, గంటలకొలది తర్కించు విషయములు లోకమున ఎన్ని యున్నవి? దొరికిన ఆ యొక్కదానిని కాలహరణమని త్రోసివేయుట ఉపాధ్యాయునకు నష్టము.

విశాఖలో ఆటలు ఇంకను జరుగును. మూడవ స్థానమున ఎవనినో పంపుదురు. ఎవనినో పక్కన బెట్టుదురు. ఆనందపురపు కూడలిలో తేనీరు చల్లారునంతవరకు వాదములు సాగును, సాగవలెను కూడ. శ్రీకర్ భరత్ వంటి ఇంకొక కుర్రవాడు నేడు ఏ బడి మైదానముననో, చెప్పులు స్టంపులుగా నిలిపి, కీపింగు చేయుచుండును. అతడు ఏదో యొకనాడు జాతీయ జట్టున నిలిచి, ఒక పట్టు జారవిడుచును. జారవిడువని కీపరు పుట్టలేదు. ఆనాడు అతని ఊరివారు అతనిని గూర్చి ఏ మాటలలో తీర్పు చెప్పుదురనునది, నేడు తరగతిగదులలో పిల్లలు ఎట్లు వాదించుట నేర్చుచున్నారనుదానిపై ఆధారపడియున్నది.